పాత పడవ ట్రైలర్: ఏ తుప్పు గీకితే పోతుంది, ఏ తుప్పు బండినే కూలుస్తుంది

కర్నూలులో మా వీధి చివర వెల్డింగ్ షాపు వెనక ఒక పడవ ట్రైలర్ మూడేళ్లుగా కదలకుండా ఉంది. టైర్లలో గాలి లేదు. చట్రం మీద కంపచెట్టు అల్లుకుంది, నీడకి కోళ్లు చేరాయి. ఈమధ్య నా మిత్రుడొకడు దాన్ని కొనాలనుకుని నలుగురిని తీసుకెళ్లి చూపించాడు. ఒకాయన "పాత ఇనుము లెక్కన కిలోల్లో తూకం వేయించుకో, అంతకు మించి పైసా ఇవ్వొద్దు" అన్నాడు. ఇంకొకాయన "ఇసుక కాగితం పట్టి రంగు కొడితే కొత్తదే" అన్నాడు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే, చూసింది ఒకే బండి. అయినా మాట మాత్రం పూర్తిగా ఎదురు. ఎందుకంటే పాత ట్రైలర్ విలువ పైకి కనిపించే చోట ఉండదు. ఆ విలువ ఎక్కడెక్కడ దాక్కుంటుందో విడదీసి చూడటానికే ఈ వ్యాసం.

సీమలో పడవ ట్రైలర్‌తో పనేముందని అనిపించవచ్చు. తుంగభద్రలో చేపలు పట్టేవాళ్లు పుట్టిని, అంటే గుండ్రటి బుట్ట పడవను, బోర్లించి తలమీద పెట్టుకుని పోతారు, వాళ్లకి ట్రైలర్ అక్కర్లేదు. కానీ ఇంజను బిగించిన ఫైబర్ పడవను నలుగురు ఎత్తినా లేవదు. శ్రీశైలం వెనక జలాలు, వెలుగోడు, అవుకు, గండికోట, మైలవరం - ఇవన్నీ ఒడ్డు ఒక చోట నిలవని నీళ్లు. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్లు నిండినప్పుడు సంగమేశ్వరం గుడి మునిగిపోతుంది, తగ్గినప్పుడు మళ్లీ బయటపడుతుంది. అంటే వానాకాలంలో పడవ కట్టిన చోటికీ ఎండాకాలంలో పడవ దించే చోటికీ మధ్య చాలా దూరం. పడవ నీళ్లని వెతుక్కుంటూ నేల మీద ప్రయాణం చేయాల్సిందే.

ఇంకో కారణం దీనికంటే పెద్దది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు ఊళ్లోకి వచ్చాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అలాంటి రాత్రి పడవ ముందు రోడ్డు మీద పరుగెత్తాలి, ఆ తర్వాతే నీళ్లలోకి దిగాలి. ఏళ్ల తరబడి మూలన ఉన్న ట్రైలర్‌ని ఒక్కసారిగా వంద కిలోమీటర్లు ఉరికించేది సరిగ్గా అప్పుడే. అందుకే పాత ట్రైలర్‌ను బాగుచేయడం సరదా పనిగా నాకు ఎప్పుడూ అనిపించలేదు.

బరువు నడిచే దారి

ఎద్దులబండి తెలిసినవాళ్లకి పడవ ట్రైలర్ కొత్త వస్తువేమీ కాదు. బండికి నొగ ఉన్నట్టే దీనికి ముందు పొడవాటి కడ్డీ ఉంటుంది. దాని కొసన లాగే బండికి తగిలించే హుక్కు. వెనక చట్రం, చట్రం కింద కుదుపును ఓర్చే స్ప్రింగు లాంటి కమాన్ పట్టీలు, వాటి కింద ఇరుసు. ఇరుసు రెండు కొసలా హబ్బులు, హబ్బుల్లో బేరింగులు, బేరింగుల వెనక నీళ్లు, దుమ్ము లోపలికి రాకుండా ఆయిల్ సీలు. చక్రం ఊడిపోకుండా బండికి కడసీల ఉన్నట్టే, ఇక్కడ నట్టు తిరగకుండా స్ప్లిట్ పిన్ను. చట్రం మీద పడవ అడుగు ఆనడానికి చెక్కలో, రోలర్లో ఉంటాయి. ముందు వైపు పడవను లాక్కునే వించి.

ఇప్పుడు పడవ బరువు నేలకి ఎలా చేరుతుందో ఊహించండి. పడవ అడుగు నుంచి చెక్కలకి, చెక్కల నుంచి చట్రానికి, చట్రం నుంచి కమాన్లకి, ఇరుసుకి, బేరింగులకి, టైర్లకి. కొంత బరువు నొగ మీదుగా హుక్కుకి. దీన్ని బరువు నడిచే దారి అనుకుందాం. ఈ దారిలో ఏ ఒక్కటి విరిగినా పడవ రోడ్డు మీద పడుతుంది. మడ్‌గార్డు, లైటు పట్టీ, నంబరు ప్లేటు తగిలించే రేకు ఈ దారిలో లేవు. అవి పూర్తిగా తినేసినా బండి నడుస్తుంది. కళ్లకి ముందుగా కనిపించేది ఆ పల్చటి రేకుల తుప్పే. మా వీధి ట్రైలర్‌ను పాత ఇనుము అన్నాయన చూసింది చిల్లులు పడ్డ మడ్‌గార్డుల్ని. రంగు కొడితే చాలన్నాయన చూసింది నున్నగా ఉన్న చట్రం పైభాగాన్ని.

తుప్పులో తేడాలు

ఇనుముకి నీళ్లు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. అల్యూమినియం మీద కూడా ఇలాంటి పొర ఏర్పడుతుంది, కానీ అది గట్టిగా అంటుకుని కింద లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పు అలా అంటుకోదు. అది పుట్టిన ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమించి, పొంగి, పెచ్చుగా లేచి రాలిపోతుంది. కింద కొత్త ఇనుము గాలికి దొరుకుతుంది. మళ్లీ మొదలు.

పైన మెత్తటి ఎర్రటి పొడిలా ఉండే తుప్పు భయపడాల్సింది కాదు. వైరు బ్రష్‌తో గీకితే పోతుంది, కింద ఇనుము మందం దాదాపు అంతే ఉంటుంది. పెచ్చులుగా లేచే తుప్పు దగ్గర ఆగి చూడాలి, అక్కడ మందం తగ్గింది. అన్నిటికంటే చెడ్డది కనిపించనిది - గొట్టం లోపల పట్టేది, కమాన్ పట్టీల మధ్య పట్టేది, యూ బోల్టు ఇరుసును కరిచి పట్టుకున్న చోట పట్టేది.

చాలా ట్రైలర్ల చట్రం చదరపు గొట్టాలతో కడతారు. పడవ దించేటప్పుడు ట్రైలర్ వెనక భాగం నీళ్లలోకి పోతుంది, గొట్టం లోపలికి నీళ్లు, బురద చేరతాయి. నంద్యాల వైపు నల్లరేగడిలో దించితే ఆ మట్టి గొట్టం మూలల్లో గూడు కడుతుంది. ఎర్రనేల మట్టి ఎండగానే పొడై రాలుతుంది. రేగడి మాత్రం తడిని పట్టుకుని కూర్చుంటుంది. బయట ఇనుము ఎండలో కాలుతుంటే లోపల నెలల తరబడి తడి ఉంటుంది.

మా వీధి వెల్డర్ ఒక్క మాటలో చెప్పాడు: "పైన రంగు జూసి నమ్మొద్దు సార్. సుత్తితో కొట్టి సప్పుడు ఇనండి." మందం ఉన్న గొట్టం గంటలా ఖంగుమంటుంది. లోపల తినేసిన చోట, మట్టి పేరుకున్న చోట శబ్దం మొద్దుగా వస్తుంది. ఆయన చట్రమంతా కొట్టుకుంటూ పోయాడు. అంతటా ఖంగుమంది, నొగ వచ్చి మొదటి అడ్డకడ్డీని కలిసే చోట మాత్రం డబ్ అంది. స్క్రూడ్రైవర్‌తో అక్కడ అడుగున పొడిస్తే దిగిపోయింది. లోపల్నుంచి ఒక బొచ్చెడు నల్లమట్టి రాలింది. వాన పడి మూడు వారాలైంది, చేతిలోకి తీసుకుంటే ఆ మట్టి ఇంకా చల్లగా, తడిగా ఉంది.

ఒక లెక్క: 3 మిల్లీమీటర్లలో 1 పోతే

"కొంచెం తినేసింది, అంతే కదా" అనే మాట తరచూ వినిపిస్తుంది. ఆ కొంచెం ఎంతో లెక్క కడదాం. 75 మి.మీ. చదరం, 3 మి.మీ. మందం ఉన్న గొట్టం అనుకుందాం. గొట్టం వంగకుండా నిలబడే శక్తి దాని కోత ఆకారం మీద ఆధారపడుతుంది. బయటి కొలత నాలుగో ఘాతం నుంచి లోపలి కొలత నాలుగో ఘాతం తీసేసి 12తో భాగిస్తే ఆ కొలమానం వస్తుంది. కొత్త గొట్టానికి లోపలి కొలత 69 మి.మీ., లోపలి నుంచి 1 మి.మీ. తినేస్తే అది 71 అవుతుంది. లెక్క చేస్తే శక్తి దాదాపు 31 శాతం తగ్గుతుంది. 2 మి.మీ. తినేస్తే 64 శాతం పోతుంది. బయటి నుంచి చూస్తే మూడు సందర్భాల్లోనూ గొట్టం ఒకేలా ఉంటుంది. రంగు కూడా అలాగే ఉండవచ్చు.

తుప్పును నల్లటి గట్టి పొరగా మార్చే ద్రావణాలు బజారులో దొరుకుతాయి. అవి పైపొర తుప్పు దగ్గర బాగానే పనిచేస్తాయి. పోయిన మందాన్ని మాత్రం తిరిగి తేలేవు. గుంటలు పూడ్చే పుట్టీ ముద్ద పెట్టి నున్నగా చేసి రంగు కొట్టడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ తర్వాత కొనేవాడికి సుత్తి శబ్దం తప్ప ఏ ఆధారమూ మిగలదు.

ఏ ఊరి నీళ్లు తాగిన బండి

సముద్రతీరంలో తిరిగిన ట్రైలర్, మన జలాశయాల్లో తిరిగిన ట్రైలర్ వయసు ఒకటే అయినా ఆరోగ్యం ఒకటి కాదు. ఉప్పునీళ్లలోని క్లోరైడ్ తుప్పును వేగంగా నడిపిస్తుంది. అందుకే కోస్తా నుంచి మెరిసే రంగుతో వచ్చిన ట్రైలర్ కంటే, కృష్ణ నీళ్లలో దిగి మాసిపోయిన ట్రైలర్ చట్రం చాలాసార్లు గట్టిగా ఉంటుంది. అనంతపురం వైపు ఏడాది వాన సుమారు 550 మి.మీ. మాత్రమే. ఆ పొడి గాలిలో ఆరుబయట ఉంచిన ఇనుము కాకినాడ గాలిలో షెడ్డులో ఉంచిన ఇనుముకంటే మెరుగ్గా మిగిలితే ఆశ్చర్యం లేదు.

కానీ మన దగ్గర ఒక మెలిక ఉంది. నీళ్లలో దించిన ట్రైలర్‌ను ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగాలని అందరూ చెబుతారు. సీమలో చాలా బోర్లలో వచ్చేది ఉప్పునీళ్లే. జలాశయంలోని చప్పనీళ్లలో తడిసి వచ్చిన బండిని ఉప్పునీళ్ల బోరుతో శుభ్రంగా కడిగి నిలబెడితే, లేని ఉప్పును మనమే పూసినట్టు. కుండలో పోసిన నీళ్లు నాలుకకి ఎలా తగులుతాయో ఆ బండికీ అలాగే తగులుతాయి.

వేడి హబ్బు, చల్లటి నీళ్లు

పడవ ట్రైలర్‌కి మిగతా ట్రైలర్లకి లేని జబ్బు ఒకటుంది. ట్రాక్టర్ ట్రాలీ మడుగులో దిగదు. పడవ ట్రైలర్ దిగుతుంది, అదీ దూరం ఉరికి వచ్చిన వెంటనే దిగుతుంది.

మే నెలలో కర్నూలు నుంచి నంద్యాల మీదుగా అవుకు దాకా వెళ్లారనుకుందాం. రోడ్డు వేడి, బేరింగు రాపిడి కలిసి హబ్బు 70 డిగ్రీలకి చేరిందనుకుందాం. హబ్బు లోపల గ్రీజు నిండని ఖాళీలో కొంత గాలి ఉంటుంది. 27 డిగ్రీల నీళ్లలోకి దించగానే ఆ గాలి చల్లబడి ముడుచుకుంటుంది. పరమ ఉష్ణోగ్రత లెక్కలో, అంటే డిగ్రీలకి 273 కలిపితే, 70 డిగ్రీలు అంటే 343, 27 డిగ్రీలు అంటే 300. ఈ నిష్పత్తి ప్రకారం లోపలి ఒత్తిడి దాదాపు 12.5 శాతం తగ్గుతుంది. దాన్ని నీటి లోతులోకి మార్చితే దాదాపు మీటరుంబావు. అంటే హబ్బు మునిగింది జానెడు లోతే అయినా, సీలు మీద ఒత్తిడి మీటరుకి పైగా లోతులో ఉన్నట్టు పడుతుంది. ఎండకి గట్టిపడిన పాత సీలు అంత ఒత్తిడికి ఆగదు, నీళ్లు పీల్చుకుంటుంది. అవి గ్రీజులో కలిస్తే గ్రీజు మజ్జిగలా తెల్లబారుతుంది. బండి వాడుతున్నంతకాలం కొంత నెట్టుకొస్తుంది. మూలన నిలబెడితేనే అసలు నష్టం, రోలర్లు ఆనిన చోటల్లా గీతలు గీతలుగా తుప్పు పట్టి గుంటలు పడతాయి. మళ్లీ బయల్దేరిన రోజు ఆ గుంటల మీద రోలర్ తిరుగుతూ వేడెక్కి, చివరికి బిగుసుకుపోతుంది.

చిన్న చక్రాలు ఈ కష్టాన్ని పెంచుతాయి. 50 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చక్రం గంటకి 60 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి దాదాపు 637 చుట్లు తిరుగుతుంది. 74 సెంటీమీటర్ల జీపు చక్రమైతే అదే వేగానికి 430 చుట్లు. లాగే బండి నింపాదిగా పోతున్నట్టున్నా వెనక చక్రాలు పరుగులో ఉంటాయి.

ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి, రెండింటికీ బలం ఉంది. స్ప్రింగ్ ఉన్న గ్రీజు మూతలు బిగిస్తే లోపల ఎప్పుడూ కాస్త ఒత్తిడి ఉంటుంది, నీళ్లు పీల్చుకోవు అనేది ఒకటి. పడవవాళ్లలో దీనికి మంచి పేరుంది. ఆ మూతని నమ్మి హబ్బు విప్పడమే మానేస్తారు, గ్రీజు మరీ ఎక్కిస్తే వెనక సీలు చినుగుతుంది, లోపల బేరింగు ఎలా ఉందో ఎవరూ చూడరు అనేది రెండోది. నా వరకూ మూత ఉన్నా ఏడాదికోసారి విప్పి చూసే పద్ధతే నమ్మదగింది, ముఖ్యంగా ఎక్కువ కాలం కదలని బండికి. అలాగే నీళ్ల దగ్గరికి చేరాక టీ తాగేంత సేపు ఆగి దించితే హబ్బు చల్లబడుతుంది. ఆ ఒక్క అలవాటుతో పై లెక్కలోని ఒత్తిడి తగ్గుతుంది.

మన ఎండ టైరును ఏం చేస్తుంది

ఇనుముకి మేలు చేసే పొడి ఎండే రబ్బరుకి చేటు. ఎండ, గాలిలోని ఓజోన్ కలిసి టైరు పక్కగోడల్ని చీలుస్తాయి. ట్రైలర్ టైర్లు తిరిగి తిరిగి అరిగిపోవు, నిలబడి నిలబడి ముసలివవుతాయి. గాట్లు కొత్తవాటిలా లోతుగా ఉంటాయి కాబట్టి కొనేవాడు మోసపోతాడు. టైరు వయసు తెలిసేది పక్కగోడ మీద నాలుగంకెల ముద్రలో. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని అర్థం. పదేళ్లు దాటిన టైరును గాటు ఎంత ఉన్నా తీసేయమని తయారీదార్లే చెబుతారు.

ఇదే ఎండ ఆయిల్ సీలును, బ్రేకు గొట్టాలను, వైర్ల తొడుగునూ పెళుసు చేస్తుంది. కాబట్టి సీమలో దొరికే పాత ట్రైలర్‌కి ఒక తీరు ఉంటుంది: రబ్బరు సామానంతా పోతుంది, ఇనుము చాలావరకు నిలుస్తుంది. కోస్తా ట్రైలర్‌కి దీనికి తిరగబడి ఉంటుంది. టైర్లూ సీళ్లూ కొత్తవి వేయడానికి అయ్యే ఖర్చు ముందే తెలుస్తుంది. చట్రంలో దాగిన తుప్పు ఖర్చు కోసేదాకా తెలియదు.

లైట్ల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ట్రైలర్ లైట్లు మిణుకుమిణుకుమంటే బల్బు కంటే ముందు ఎర్త్‌ను అనుమానించాలి, కరెంటు తిరిగొచ్చే దారి తుప్పుపట్టిన చట్రం మీదుగా ఉంటుంది కాబట్టి. ఎర్త్‌కి విడి వైరు లాగి, నీళ్లు చొరని ఎల్‌ఈడీ లైట్లు పెడితే ఈ గొడవ చాలావరకు తీరుతుంది.

కాడి మీద బరువు ఎంత ఉండాలి

బాగుచేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడ. బండిలో వెనక బరువు ఎక్కువైతే నొగ పైకి లేచి ఎద్దుల మెడలకి పట్టెడ బిగుస్తుంది. ముందు బరువు ఎక్కువైతే కాడి మెడల మీద కూర్చుంటుంది. రైతు బస్తాలు అటూ ఇటూ జరిపి చేత్తో కాడి ఎత్తి చూసి సరిచేస్తాడు. ట్రైలర్‌కీ అదే సూత్రం. హుక్కు మీద పడే బరువు తక్కువైతే వేగం పెరిగే కొద్దీ ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టి లాగే బండిని కూడా ఊపేస్తుంది. ఎక్కువైతే కారు వెనక కుంగి, ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

ఎంత ఉండాలన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో సాధారణంగా చెప్పే లెక్క మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం. బ్రిటన్‌లో కారవాన్లకి 5 నుంచి 7 శాతం చాలంటారు. అక్కడ ట్రైలర్ లాగే కార్లకి వేగ పరిమితి తక్కువ, కార్ల హుక్కులు మోయగల బరువూ తక్కువ. ఎవరి రోడ్డుకి, ఎవరి కార్లకి తగ్గట్టు వాళ్లు చెప్పారు. మన వెల్డింగ్ షాపుల్లో మూడో లెక్క నడుస్తుంది, అది ట్రాక్టర్ ట్రాలీది. రెండు చక్రాల ట్రాలీలో ఇరుసును వెనక్కి పెట్టి ట్రాక్టర్ మీద కావాలనే బరువు వేస్తారు. ఆ బరువుతో ట్రాక్టర్ పెద్ద చక్రాలు నేలను పట్టుకుంటాయి. పొలానికి అది తెలివైన పద్ధతి. అదే కొలతతో పడవ ట్రైలర్ కట్టి కారుకి తగిలిస్తే కారు కుంగిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ట్రైలర్ 180 కిలోలు, పడవ ఇంజనుతో కలిపి 600 కిలోలు, మొత్తం 780. హుక్కు నుంచి ఇరుసుకి దూరం మూడున్నర మీటర్లు. పాత ఇంజను ఉన్నప్పుడు హుక్కు మీద బరువు 55 కిలోలు. యజమాని దాన్ని తీసేసి 30 కిలోలు ఎక్కువ తూగే కొత్త ఇంజను బిగించాడు. ఇంజను ఉండేది ఇరుసుకి 1.8 మీటర్లు వెనక. ముప్పైని 1.8తో గుణించి 3.5తో భాగిస్తే సుమారు 15. ముందు బరువు 40 కిలోలకి పడిపోయింది, అంటే 5 శాతం. ట్రైలర్‌లో ఒక్క బోల్టు కూడా మారలేదు, అయినా నిన్నటి దాకా నిమ్మళంగా నడిచింది ఇవాళ ఊగుతుంది. ఇప్పుడు వించి స్తంభాన్ని ముందుకి మార్చి పడవను 20 సెంటీమీటర్లు జరిపితే, కొత్త ఇంజనుతో 630 అయిన పడవ బరువును 0.2తో గుణించి 3.5తో భాగిస్తే 36 కిలోలు పెరుగుతుంది. ముందు బరువు 76కి చేరుతుంది, మొత్తం 810లో దాదాపు తొమ్మిదిన్నర శాతం. జానెడు దూరం ఇంత తేడా తెస్తుంది కాబట్టే, పాత చట్రానికి కొత్త ఇరుసు బిగించేటప్పుడు "అదే చోట దాదాపుగా" అనే మాట సరిపోదు.

ఇరుసు అంటే ఇంకో మాట. పాత జీపు ఇరుసు తెచ్చి వేయడం మన దగ్గర మామూలే. గట్టిగా ఉంటుంది, బేరింగులు ఎక్కడైనా దొరుకుతాయి. అది మోటారు తిప్పే వెనక ఇరుసు అయితే మధ్యలో అక్కర్లేని గేరు గుండు బరువు, దాని నూనె, దాని సీళ్లు వెంట వస్తాయి. నీళ్లలో మునిగే బండికి మునిగే సీళ్లు ఎన్ని తక్కువుంటే అంత మంచిది.

రంగా, జింకు పూతా?

తుప్పు తీసి, చెడిన ముక్క మార్చాక ఏ పూత వేయాలన్న వాదన వస్తుంది. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దాని మీద ఎనామిల్ మనకి తెలిసిన దారి. చవక, గీత పడ్డ చోట ఇంట్లోనే మళ్లీ పూసుకోవచ్చు. కాకపోతే గొట్టం లోపలికి బ్రష్ పోదు, మా వీధి ట్రైలర్ చెడింది లోపలి నుంచే. వేడి జింకు పూత లోపలా బయటా పట్టుకుంటుంది. జింకు సుమారు 420 డిగ్రీలకి కరుగుతుంది, దాదాపు 450 డిగ్రీల తొట్టిలో చట్రాన్ని ముంచుతారు. గీత పడినా పక్కనున్న జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది.

పాత బండికి మాత్రం ఇందులో చిక్కులున్నాయి. చట్రాన్ని పూర్తిగా విప్పాలి, పాత రంగు, గ్రీజు మచ్చ కూడా లేకుండా తీయాలి, ఆమ్లంలో కడగాలి. మూసిన గొట్టంలో తేమ ఉంటే ఆ వేడికి ఆవిరై పేలుతుంది, కాబట్టి ముందే రంధ్రాలు పెట్టాలి. తినేసి పల్చబడ్డ గొట్టం వేడికి వంకర పోవచ్చు. ఇంతా చేసి చట్రం మిగతా భాగాలు నాలుగేళ్లకి మించి నిలవవంటే ఆ ఖర్చు వృథా. జింకు పూసిన బండికి తర్వాత వెల్డింగ్ చేస్తే తెల్లటి పొగ వస్తుంది, అది పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. వెల్డర్లకి ఇది తెలుసు, పక్కన నిలబడి చూసేవాళ్లకే తెలియదు.

మధ్యేమార్గం ఒకటుంది. మార్చే ముక్కలకి మూసిన గొట్టం బదులు ఒక పక్క తెరిచిన చానల్ వాడితే లోపల, బయట తేడా ఉండదు. మట్టి నిలవదు, బ్రష్ అందుతుంది, చెడితే కంటికి కనిపిస్తుంది. అదే బరువు ఇనుముకి చానల్ మెలికని గొట్టమంత తట్టుకోదు కాబట్టి కాస్త బరువు పెరుగుతుంది. రేగడి బురదలో దించే పడవకి ఆ బరువు మోయడం మేలని నా అభిప్రాయం.

ఎంత మారిస్తే అది పాత బండి కాకుండా పోతుంది

1988 మోటారు వాహనాల చట్టంలో "మోటారు వాహనం" నిర్వచనంలోనే ట్రైలర్ కూడా ఉంది. ఇంజను లేకపోయినా రోడ్డెక్కితే అది వాహనమే, దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. ట్రాక్టర్‌కి ఒక నంబరు, ట్రాలీకి ఇంకో నంబరు ఉండటం మనం చూస్తున్నదే. పడవను మోసినంత మాత్రాన మినహాయింపు లేదు. రవాణా వాహనం కాని బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత తిరిగి చేయించుకోవాలి.

కొత్తది కట్టించాలా, పాతది బాగుచేయాలా అన్న ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. ఇనుము ఖర్చు మాత్రమే చూస్తే కొన్నిసార్లు కొత్తదే చవక. మంచి వెల్డర్ నాలుగైదు రోజుల్లో చట్రం కట్టేస్తాడు. కాగితాలు లేని ఆ కొత్త చట్రం పొలం గట్టు దాకా పోతుంది గానీ, జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగితే బీమా దగ్గర నిలబడదు. కాగితాలున్న పాత ట్రైలర్ అసలు విలువ చాలాసార్లు దాని ఆర్సీయే. పాతది ఎందుకు వదిలేయాలో చెప్పేవాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. తుప్పు ఒక చోట దొరికితే అదే వయసున్న అతుకులన్నీ అనుమానించాలి, ఒక్కొక్కటీ కోస్తూ పోతే కూలి మొదటి అంచనాకి రెట్టింపవుతుంది.

చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. బేరింగు, టైరు, కమాన్ పట్టీ మార్చడం మరమ్మతు. చట్రం పొడవు, ఇరుసుల సంఖ్య మార్చితే అది మార్పు. ఈ రెంటికీ మధ్య ఒక ఇరుకు ఉంది, అది ఛాసిస్ నంబరు చెక్కిన ముక్క. ఆ ముక్కకే తుప్పు పడితే, కోసి పారేసిన మరుక్షణం ఆ బండి ఏదో నిరూపించే గుర్తు పోతుంది. కొత్త ఇనుము మీద మనమే నంబరు చెక్కించడం మరమ్మతు కిందికి రాదు.

మా వీధి ట్రైలర్‌కి నంబరు ఉన్నది నొగ మీదే. హుక్కు నుంచి మూరెడు దూరంలో చెక్కారు. సుత్తికి డబ్ అన్నది అదే గొట్టం రెండో కొస. నొగను నిలువునా మార్చేద్దామని మిత్రుడు అన్నాడు. వెల్డర్ ఒప్పుకోలేదు. "నంబరున్న ముక్క నేను ముట్టను సార్, ముందు ఆఫీసులో అడిగి రాండి" అన్నాడు. చట్రం, ఇరుసు గట్టిగానే ఉన్నాయి. ఎడమ హబ్బులో గ్రీజు మజ్జిగలా ఉంది, కుడి హబ్బు శుభ్రంగా ఉంది. టైర్ల మీద ముద్ర 2011 నాటిది. ఈ సోమవారం మిత్రుడు నొగ ఫోటోలు, యజమాని దగ్గర తీసుకున్న ఆర్సీ నకలు పట్టుకుని రవాణా కార్యాలయానికి వెళ్లాడు. బేరం ఇంకా కుదరలేదు.